ఉత్తరానికి తిరిగిన మంజీర

దక్కనులో పెద్ద నదులు చాలావరకు తూర్పు సముద్రం వైపు పరుగెడతాయి. మంజీర కూడా మొదట అలాగే బయల్దేరుతుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు మీదుగా ఆగ్నేయానికి సాగుతుంది. మెతుకుసీమకు, అంటే మెదక్ ప్రాంతానికి వచ్చాక మాత్రం దారి మార్చుకుని ఉత్తరానికి తిరుగుతుంది. నిజాంసాగర్ దాటి, మొత్తం 724 కిలోమీటర్లు ప్రవహించి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నిజాంసాగర్‌కు దగ్గరలో ఉన్న ఊరు ఎల్లారెడ్డి. అక్కడి నుంచి పొద్దున్నే బయల్దేరితే పొద్దుగూకేలోగా పోచారం, మెదక్, ఏడుపాయల చూసి రావచ్చు.

మెదక్ రోడ్డు మీద ముందుగా వచ్చేది పోచారం. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా 1922 నాటికి పూర్తయిన రాతికట్ట ఇది. 2025 ఆగస్టులో కామారెడ్డి జిల్లాను వరద ముంచెత్తినప్పుడు కట్ట నిలుస్తుందా అని జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. నీళ్లు కట్ట మీంచి దూకాయి, కట్ట నిలబడింది. నూరేళ్ల కిందట ఆ రాయి పేర్చిన కూలీలకు, మేస్త్రీలకు చేతులెత్తి మొక్కాలి.

ఈ చెరువు చుట్టూ నిజాం వేటాడిన అడవి 1952లో అభయారణ్యమైంది. టేకు, మోదుగు చెట్ల నీడన దుప్పులు, మనుబోతులు తిరుగుతాయి. చలికాలంలో అసలైన అతిథులు దిగుతారు. తల వెనక రెండు నల్లచారలున్న ఈ బూడిదరంగు బాతులు టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి మన వైపు వస్తాయి. శాస్త్రవేత్తలు వాటికి చిన్న పరికరాలు అమర్చి చూస్తే, 7 వేల మీటర్లకు పైన కూడా ఎగురుతున్నట్టు తేలింది. గాలి పల్చబడిన ఆ ఎత్తులోనూ వాటి రక్తం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. గాలి చల్లబడి కాస్త చిక్కబడే రాత్రివేళ, తెల్లవారుజామున ఎక్కువగా ఎగురుతాయి. అంత ప్రయాణం చేసి అవి మన చెరువు గట్టున గడ్డి మేస్తుంటే చూడటం భాగ్యం.

మెదక్‌లో కొండకోట ఉంది, 1924 డిసెంబరు 25న తెరిచిన చర్చి ఉంది. కరువు రోజుల్లో పనిలేని జనానికి తిండి పెట్టి కట్టించిన చర్చి అది. చూసుకుని పాపన్నపేట మండలం నాగసాన్‌పల్లి వైపు సాగాలి. అక్కడే ఏడుపాయల.

మంజీర ఇక్కడ ఏడుగా చీలి, కొంత దూరం పోయి మళ్లీ ఒక్కటవుతుంది. జనమేజయుడు సర్పయాగం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. ఒక్కో పాయకు సప్తర్షుల్లో ఒకరి పేరుంది. నేల చెప్పే కథ కూడా అంత గొప్పదే. ఎగువన నది లావా గడ్డకట్టిన నల్లరాతి సీమలో నడుస్తుంది. ఆ రాయి వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. ఇక్కడికి వచ్చేసరికి దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు ఎదురవుతుంది. గ్రానైటు అంత తేలిగ్గా అరగదు. కానీ దానికి బీటలుంటాయి. నీళ్లు ఆ బీటల్లోకి దూరి, ఏటేటా వాటిని వెడల్పు చేసి, బండల మధ్య దారులు తెరుచుకుంటాయి. పాయల నడుమ రాతి గుహలో వనదుర్గ కొలువుంది. వరద పెద్దదైతే నది గర్భగుడిలోకే వచ్చి అమ్మవారి పాదాలు కడుగుతుంది.

ఇప్పుడు ఆ నీళ్లు పైనున్న సింగూరు జలాశయం గేట్ల చేతిలో ఉన్నాయి. శివరాత్రి జాతరకు అక్కడి నుంచి నీళ్లు వదిలితేనే భక్తులకు స్నానం దొరికిన ఏడాదులున్నాయి. జాతరకు వదిలినట్టే, జాతర లేని వేసవిలోనూ నదికి కొన్ని నీళ్లు వదలాలి. మొక్కు తీర్చుకుని వండుకుతినేవాళ్లు విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు పాయల్లో పడేయకూడదు. కోట్ల ఏళ్లు రాయితో పెనుగులాడి తెచ్చుకున్న దారి అది. దాన్ని ఎండబెట్టే హక్కు, చెత్తతో నింపే హక్కు మనకు లేవు.