డిక్కీలో సిలిండర్, బోయిన్‌పల్లిలో గ్యాస్

పాత పెట్రోలు కారును సీఎన్‌జీకి మార్చడం మెకానిక్ పని. అదే గ్యాసును కుళ్లిన కూరగాయల నుంచి తీయడం తార్నాక శాస్త్రవేత్తల పని. మొదటిది జేబుకు మేలు. రెండోది తోడైతేనే గాలికి పూర్తి మేలు.

హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్ దాటి, తార్నాక చౌరస్తా నుంచి ఉప్పల్ వైపు వెళ్తే ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) వస్తుంది. నిజాం కాలంలో 1944లో పుట్టిన ప్రయోగశాల ఇది. 1956లో సీఎస్‌ఐఆర్‌లో చేరింది, 1989 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. పాత కారు యజమానికి దీనితో ఏం పని అంటే, ముందు కిట్ సంగతి చూడాలి.

కిట్ లెక్క

సీఎన్‌జీ అంటే దాదాపు 200 బార్ల ఒత్తిడితో సిలిండర్‌లో కుక్కిన మీథేన్. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది, ఇంజెక్టర్లు గ్యాసును ఇంజిన్‌కు అందిస్తాయి. బండి పెట్రోలు మీద స్టార్టయి, వేడెక్కాక గ్యాసుకు మారుతుంది. పెట్రోలు ట్యాంకు అలాగే ఉంటుంది. పోయేది డిక్కీలో చోటు, పికప్‌లో కొంత.

కిట్‌కు 60 వేలు పెట్టారనుకుందాం. కిలోమీటరుకు 3 రూపాయలు మిగిలితే 20 వేల కిలోమీటర్లు తిరిగాకే పెట్టుబడి చేతికొస్తుంది. రోజూ తార్నాక నుంచి హైటెక్ సిటీకి వెళ్లొచ్చేవారికి రెండేళ్ల పని అది. క్యాంపస్‌కీ, కూరగాయలకీ తప్ప బయటికి తీయని బండికి ఏళ్లు పడుతుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన అయిదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. కాబట్టి పన్నెండేళ్ల బండికి కిట్ బిగించే ముందు ఆర్‌సీలో తేదీ చూసుకోవాలి.

మిగతా దారులు

ఎలక్ట్రిక్‌గా మార్చడం కొత్త మాటేమీ కాదు. హైదరాబాద్ సంస్థ ఈ-ట్రియో పాత ఆల్టో, వ్యాగన్‌ఆర్‌ల ఇంజిన్ తీసి మోటారు బిగించి చూపింది. కానీ బ్యాటరీ ఖర్చు చాలాసార్లు పాత కారు విలువనే మించిపోతుంది. తెలంగాణ 2020 ఈవీ విధానం కూడా ఇలా మార్చుకునే ఆటోలకే ప్రోత్సాహకం ప్రకటించింది.

ఇక ఇథనాల్. 20 శాతం కలిపిన పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, అందుకే మైలేజీ కొంత పడుతుంది. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఓసారి చూపించుకోవడం మంచిది.

గ్యాసు ఎక్కడిది?

ఒకే శక్తికి మీథేన్ వదిలే కార్బన్ డయాక్సైడ్ పెట్రోలు కంటే సుమారు 20 శాతం తక్కువ, మసి దాదాపు ఉండదు. అయినా భూగర్భం నుంచి తోడిన గ్యాసు శిలాజ ఇంధనమే. పైగా మండకుండా లీకైతే నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

ఐఐసీటీ పని ఇక్కడే కలుస్తుంది. అక్కడ రూపొందిన గ్యాస్‌లిఫ్ట్ రియాక్టర్‌లో, ఆవు పొట్టలో జరిగినట్టే, సూక్ష్మజీవులు గాలి తగలకుండా చెత్తను అరిగించి మీథేన్ విడుదల చేస్తాయి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఈ పద్ధతిలో ప్లాంటు పెట్టారు. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల బయో ఇంధనం వస్తాయని ప్రధాని 2021 జనవరిలో ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. అక్కడి గ్యాసు కార్లకు కాదు, మార్కెట్ దీపాలకూ క్యాంటీన్ పొయ్యికీ వెళ్తుంది.

కారుకు వాడాలంటే ఇంకో మెట్టుంది. ముడి బయోగ్యాస్‌లో మీథేన్ దాదాపు 60 శాతమే. కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేసి 90 శాతం దాటించి, ఒత్తిడితో నింపితే అదే సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్). కేంద్రం 2018 అక్టోబరులో సతత్ పథకం తెచ్చింది దీనికోసమే. సీఎన్‌జీ కిట్ ఉన్న కారు ఏ మార్పూ లేకుండా దీనిమీద నడుస్తుంది.

మీరు చేయాల్సింది

ఆమోదం ఉన్న కిట్‌నే, అనుమతి ఉన్న సెంటర్‌లోనే బిగించుకోండి. ఆర్‌సీలో నమోదు చేయించి, బీమా కంపెనీకి తెలపండి. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో పరీక్ష చేయించండి. ఎక్కువ తిరగని బండికి కిట్ వద్దు, మెట్రో చాలు. కారు ఉన్నా లేకున్నా తడి చెత్తను వేరుగా ఇవ్వండి. ప్లాస్టిక్ కలిసిన చెత్తలోంచి గ్యాసు తీయడం రియాక్టర్‌కు కష్టం.