మీకు తెలుసా? చిమ్నీ పేరు చెప్పి ఇంట్లోకొచ్చే మోసం

అమెరికాలో చలికాలం దగ్గర పడుతోందంటే చిమ్నీలు శుభ్రం చేసేవాళ్లకు చేతినిండా పని. మోసగాళ్లకూ అదే అదను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది ఫైర్‌ప్లేస్ ఉన్న ఇంట్లో పెరగలేదు. పొగగొట్టం లోపల ఏముంటుందో, అందులో ఏది ప్రమాదమో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. ఎవరో నిచ్చెనేసుకుని కప్పు మీదికెక్కి, దిగొచ్చి ఏం చెబితే అదే నమ్మాల్సి వస్తుంది. కష్టపడి కూడబెట్టిన డబ్బు ఇలా పోకూడదని ఈ నాలుగు మాటలు.

• 49 డాలర్లకే చిమ్నీ శుభ్రం చేస్తామని ఫోన్ చేసేవాళ్లకు ఆ 49 డాలర్ల మీద ఆశ లేదని మీకు తెలుసా? తనిఖీ చేసి, మసి దులిపి వెళ్లే నికార్సయిన పనివాడు చాలా ఊళ్లలో 150 డాలర్ల పైనే తీసుకుంటాడు. మనుషులు, వ్యాను, బ్రష్‌లు, వాక్యూమ్, ఇన్సూరెన్సు అన్నీ లెక్కేస్తే 49 డాలర్లు ఏ మూలకూ చాలవు. తక్కువ ధర ఇంట్లోకి రావడానికే. కాసేపటికి దిగొచ్చి, ‘లైనర్ (గొట్టం లోపలి తొడుగు) పగిలింది, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తోంది, పిల్లలున్నారు, ఈ రాత్రి ఇక్కడ పడుకోకండి’ అంటారు. అక్కడి నుంచి బేరం వేలల్లోకి వెళుతుంది. ఈరోజే ఒప్పుకుంటే తగ్గిస్తామంటారు.

• ఆ భయం ఉత్తిది కాదు, అందుకే ఈ మోసం పారుతోంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, పొరపాటున ఈ వాయువు పీల్చి అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ సంస్థ సీడీసీ చెబుతోంది. కాబట్టి ఆ మాట ఎవరి నోట విన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఇంట్లో అందరినీ బయటికి తీసుకొచ్చి 911కి ఫోన్ చేయండి. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మీటరుతో వచ్చి కొలుస్తారు. మీకు లైనర్ అమ్మితే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. నిజంగా ప్రమాదం కనిపెట్టిన పనివాడు తానే ఆ ఫోన్ చేయమంటాడు. ‘అదంతా ఎందుకు, సంతకం పెట్టండి’ అన్నాడంటే అతన్ని పంపించేయండి. పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటే సగం భయం అప్పుడే తీరుతుంది.

• గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లో క్రియోసోట్ పేరుకోదు. కట్టెలు కాలినప్పుడు పొగలోంచి గొట్టం గోడలకు పట్టే తారులాంటి పదార్థమే క్రియోసోట్. అది మందంగా పట్టి అంటుకుంటే చిమ్నీలోనే మంటలు లేస్తాయి. సుమారు 3 మిల్లీమీటర్ల మందం పట్టిందంటే శుభ్రం చేయించాల్సిందే. మీ ఫైర్‌ప్లేస్‌లో మొదటి నుంచీ కాలేది గ్యాసే అయితే, ‘క్రియోసోట్ గడ్డకట్టింది’ అన్నవాడు అబద్ధమాడుతున్నాడు. గ్యాసు వాటికీ ఏడాదికోసారి తనిఖీ మంచిదే, కానీ ఆ సాకుతో కాదు.

• ఇటుకల మీద తెల్లటి పొడి మరక కనిపించినంత మాత్రాన అది విషవాయువు గుర్తు కాదు. చాలావరకు తేమతో పాటు పైకొచ్చిన ఉప్పే. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చూసుకోవాలి.

• మీకు చూపించిన పగుళ్ల ఫోటో మీ చిమ్నీదేనా? ఫోన్‌లో పాత ఫోటోలు పెట్టుకుని ఇంటింటా అవే చూపించేవాళ్లున్నారు. కెమెరాను మీ హాల్లో మొదలుపెట్టి, మీ ఫైర్‌ప్లేస్‌లోంచి పైదాకా ఆపకుండా వీడియో తీయమనండి. మీరూ పక్కనే నిలబడండి. మధ్యలో ఎక్కడా తెగని వీడియోలో వేరే ఇంటి పగులు చూపించడం కుదరదు.

• 1775లో లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్, చిమ్నీలు దులిపేవాళ్లకు వచ్చే ఒక క్యాన్సర్‌కు మసే కారణమని గుర్తించాడు. చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యం మొదట పసిగట్టిన సందర్భాల్లో ఇదొకటి. అప్పట్లో సన్నటి గొట్టాల్లోకి చిన్నపిల్లల్ని ఎక్కించేవాళ్లు. ఆ మసి ఇప్పటికీ మంచిది కాదు. అందుకే పని తెలిసినవాడు నేల మీద గుడ్డలు పరుస్తాడు, ముక్కుకు మాస్క్ కడతాడు, మసి ఇంట్లోకి రాకుండా వాక్యూమ్ పెడతాడు. పది నిమిషాల్లో చేతికి మసి అంటకుండా ‘అయిపోయింది’ అన్నవాడు చిమ్నీ దులపలేదు.

• ఈ పనికి చాలా రాష్ట్రాల్లో ప్రత్యేకమైన లైసెన్సు లేదు. వ్యాను మీద బొమ్మ వేయించుకుంటే చాలు. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా మాత్రం పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ కంపెనీకి కాదు, మనిషికి. వచ్చినవాడి పేరు వాళ్ల వెబ్‌సైటులో వెతికి, ఉందో లేదో చూసుకోవచ్చు.

• ఇంటికొచ్చి 25 డాలర్లు, ఆపైన దేనికైనా మీచేత సంతకం పెట్టించుకుంటే, సాధారణంగా మూడు పనిదినాల్లోపు దాన్ని రద్దు చేసుకునే హక్కు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన మీకిస్తోంది. శనివారం కూడా పనిదినమే, ఆదివారం కాదు. రద్దు ఫారం రెండు ప్రతులు వాళ్లే ఇవ్వాలి. మనవాళ్లకు అంతగా తెలియని మెలిక ఒకటుంది: ఇది అత్యవసర మరమ్మతు, రద్దు హక్కు వదులుకుంటున్నాను అని మీరు రాసిచ్చారంటే ఆ హక్కు పోవచ్చు. ‘ఈ రాత్రి ఇంట్లో ఉండొద్దు’ అని బెదిరించడం వెనక ఈ లెక్క కూడా ఉండొచ్చు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టకండి.

• ఎంత అడ్వాన్సు అడగొచ్చో కొన్ని రాష్ట్రాల్లో చట్టమే చెబుతుంది. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతుల కాంట్రాక్టుకు పది శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అది. మేరీల్యాండ్‌లో మూడో వంతు. ఇప్పుడే సగం నగదు ఇమ్మంటే కుదరదని చెప్పండి. క్రెడిట్ కార్డు మీద కట్టింది తర్వాత వివాదంగా లేవనెత్తొచ్చు. జెల్ (Zelle) లాంటి యాప్‌లో పంపింది తిరిగి రావడం కష్టం.

• మీ అమ్మానాన్నలో, అత్తమామలో ఆరు నెలలకని వచ్చి ఇంట్లో ఉన్నారా? పగలు తలుపు తీసేది వాళ్లే. యూనిఫాం వేసుకుని, నవ్వుతూ పలకరించి, ‘ఏటా చేసేదే, మీ అబ్బాయికి తెలుసు’ అంటే మర్యాదకు లోపలికి రమ్మంటారు. అలా రానివ్వడం వాళ్ల తప్పు కాదు. ‘నాన్నా, ఎవరొచ్చినా సాయంత్రం రమ్మనండి, నాకు ఫోన్ చేయండి’ అని ముందే చెప్పి ఉంచండి.

• ఇంట్లో గాలి గొట్టాలు చవగ్గా శుభ్రం చేస్తామన్న ఫోన్లు కూడా చాలావరకు ఇదే బాపతు. వాటిని శుభ్రం చేయిస్తే జబ్బులు రావని ఎక్కడా రుజువు కాలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థే చెప్పింది.

• ఇల్లు చేతులు మారేటప్పుడు లెవెల్ 2 తనిఖీ చేయించాలని అక్కడి అగ్నిరక్షణ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 చెబుతోంది. అందులో గొట్టం లోపలంతా కెమెరాతో చూస్తారు. ఇల్లు కొనేటప్పుడు ఆ తనిఖీ అడిగి చేయించుకుని, వీడియో తేదీతో సహా దాచుకోండి. రేపెవరైనా ‘మీ లైనర్ ఏళ్ల క్రితమే పగిలింది’ అంటే, దాన్ని తెరిచి అతని ముందే పక్కపక్కన పెట్టి చూడొచ్చు.