మూలలన్నీ ఒకే యూనిఫాంలో



యూనిఫాం అనగానే మనకు ప్రేయర్‌లో వరసగా నిలబడ్డ పిల్లలు గుర్తొస్తారు. ఎవరిది ఏ ఊరో, ఎవరింట్లో ఎంత ఉందో ఆ వరసను చూసి చెప్పలేం. గణితంలో కూడా యూనిఫాం వేసుకున్న ఆకారాలు ఉన్నాయి. వాటిని ‘యూనిఫాం పాలిటోపులు’ అంటారు. మనం ఏకరూప ఆకారాలు అందాం. ఇవి పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు పరిమాణాల్లోనే కాదు, నాలుగు, ఐదు, ఎనిమిది పరిమాణాల్లో కూడా ఉన్నాయి. కంటికి కనబడనివాటిని లెక్కపెట్టడం ఎలా? అది ఎవరికి సాధ్యం? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలన్నదే నా ప్రయత్నం. తొమ్మిదో తరగతి లెక్కలు వస్తే చాలు, ధైర్యంగా చదవండి.

ఐదే ఎందుకు?

భుజాలన్నీ, కోణాలన్నీ సమానంగా ఉంటే దాన్ని క్రమ బహుభుజి అంటాం. సమబాహు త్రిభుజం, చతురస్రం, పంచభుజి... ఇలా వీటికి అంతు లేదు. కానీ ఒకే రకం క్రమ బహుభుజులను అతికించి, ప్రతి మూలా ఒకేలా ఉండే, గుంటలు లేని ఘనాకారం చేయమంటే ఐదే వస్తాయి.

కారణం చాలా సులువు. ఒక మూల ఏర్పడాలంటే కనీసం మూడు ముఖాలు కలవాలి. అక్కడి కోణాల మొత్తం 360 డిగ్రీల కంటే తక్కువ ఉండాలి. సరిగ్గా 360 అయితే అట్ట మడత పడదు, బల్లమీద చదునుగా పరుచుకుంటుంది. త్రిభుజం కోణం 60 డిగ్రీలు. మూడు కలిస్తే 180, నాలుగు కలిస్తే 240, ఐదు కలిస్తే 300. ఆరు కలిస్తే 360, అంటే చదును. చతురస్రాలు మూడు కలిస్తే 270, నాలుగైతే మళ్ళీ చదునే. పంచభుజులు మూడు కలిస్తే 324. షడ్భుజులు మూడు కలిస్తేనే 360 అయిపోయింది. లెక్క చూడండి: త్రిభుజాలతో మూడు, చతురస్రంతో ఒకటి, పంచభుజితో ఒకటి. మొత్తం ఐదు! యూక్లిడ్ రెండు వేల మూడు వందల ఏళ్ళ క్రితమే ఈ ఐదింటి గురించి రాశాడు.

ఇప్పుడు నియమాన్ని కొంచెం సడలిద్దాం. ముఖాలన్నీ ఒకే రకం కానక్కర్లేదు, క్రమ బహుభుజులైతే చాలు. కానీ ఏ మూలలో నిలబడి చూసినా మొత్తం ఆకారం ఒకేలా కనబడాలి. ఇదే యూనిఫాం నియమం. అప్పుడు పట్టకాల వంటి అంతులేని కుటుంబాలు రెండింటిని పక్కన పెడితే కొత్తగా 13 ఆకారాలు వస్తాయి. ఇవి ఆర్కిమెడిస్ పేరుతో ఉన్నాయి. కెప్లర్ 1619లో వీటన్నిటినీ వివరించాడు. తెలుపు, నలుపు ముక్కలతో కుట్టే ఫుట్‌బాల్ వీటిలో ఒకటే. 12 పంచభుజులు, 20 షడ్భుజులు, 60 మూలలు. ఏ మూల చూసినా రెండు షడ్భుజులు, ఒక పంచభుజి కలుస్తాయి.

చూడలేకపోయినా లెక్కపెట్టగలం

ఇక నాలుగో పరిమాణం. ఒక చుక్కను పక్కకు జరిపితే గీత అవుతుంది. గీతను దానికి లంబంగా జరిపితే చతురస్రం. చతురస్రాన్ని పైకి జరిపితే సమఘనం. సమఘనాన్ని ఈ మూడు దిక్కులకూ లంబంగా ఉండే నాలుగో దిక్కులో జరిపితే? ఆ దిక్కు మనకు కనబడదు. కానీ జరిపినప్పుడు ఏమవుతుందో తెలుసు. ఉన్నవన్నీ రెండింతలవుతాయి. జరిగిన ప్రతి మూలా ఒక కొత్త అంచును, ప్రతి అంచూ ఒక కొత్త చతురస్రాన్ని, ప్రతి చతురస్రమూ ఒక కొత్త సమఘనాన్ని గీస్తూ పోతాయి.

సమఘనానికి 8 మూలలు, 12 అంచులు, 6 ముఖాలు. కాబట్టి కొత్త ఆకారానికి మూలలు 16. అంచులు 12 రెండింతలు, దానికి 8 కలిపితే 32. చతురస్రాలు 6 రెండింతలు, దానికి 12 కలిపితే 24. సమఘనాలు 1 రెండింతలు, దానికి 6 కలిపితే 8. దీని పేరు టెసరాక్ట్. దీన్ని ఎవరూ కళ్ళతో చూడలేదు, అయినా దీని అంచులు 32 అన్నది తిరుగులేని సంగతి.

పదో తరగతి ఫలితాల్లో ఆరో పరిమాణం

పరిమాణం అంటే ఏదో దెయ్యాల లోకం అనుకోకండి. విడివిడిగా మారగల సంగతులు ఎన్ని ఉంటే అన్ని పరిమాణాలు. పదో తరగతిలో ఆరు సబ్జెక్టులున్నాయి. పాసైతే 1, పోతే 0 అని వరసగా రాయండి. ఒక్కొక్క విద్యార్థి ఫలితం ఆరు అంకెల వరస అవుతుంది. ఇలాంటి వరసలు 64. ఇవి ఆరు పరిమాణాల సమఘనానికి ఉన్న 64 మూలలు. ఒక సబ్జెక్టు ఫలితం మారితే ఒక అంచు మీదుగా పక్క మూలకు వెళ్ళినట్టు.

లెక్కల్లో మాత్రమే పోయిన విద్యార్థిది 1, 1, 1, 0, 1, 1 అనే మూల. ఊళ్ళో అతన్ని ‘ఫెయిల్’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. బడి మానేసి పనికి పంపేస్తారు. ఆరూ పాసైన మూలకు అతను ఒకే ఒక్క అంచు దూరంలో ఉన్నాడు. ఆరూ పోయిన మూలకు ఐదు అంచుల దూరంలో ఉన్నాడు. ఈ లెక్క తెలిసినవాళ్ళు ఆ ఒక్క అంచు దాటించడానికి సాయం చేస్తారు. సప్లిమెంటరీకి ఫీజు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న తమ్ముడెవరైనా ఉంటే ఈ పేరా రెండుసార్లు చదవాలి.

ఇలా మూలల మధ్య దూరాన్ని అంచులతో కొలిచే పద్ధతిని 1950లో హామింగ్ అనే శాస్త్రవేత్త వాడుకున్నాడు. యంత్రాల్లో సున్నాలు, ఒకట్లు పొరపాటున తారుమారైతే వాటంతటవే సరిదిద్దుకునే ఉపాయం కనిపెట్టాడు.

కాలేజీ లేని గణితజ్ఞురాలు

సున్నా, ఒకటితో తర్కాన్ని నడిపే బీజగణితానికి పునాది వేసినవాడు జార్జ్ బూల్. ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికే తండ్రికి పుట్టాడు. విశ్వవిద్యాలయంలో చదవకుండానే, సొంతంగా నేర్చుకుని 1849లో ఐర్లండులోని కార్క్ నగరంలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన భార్య మేరీ ఎవరెస్ట్ మనకు దూరమేమీ కాదు. భారతదేశ సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన, హిమాలయ శిఖరానికి తన పేరు వచ్చిన జార్జ్ ఎవరెస్ట్‌కు ఆమె సోదరుని కూతురు.

1864లో బూల్ చనిపోయేనాటికి ఐదుగురు ఆడపిల్లలు. మూడో అమ్మాయి అలీషియాకు నాలుగేళ్ళు. కుటుంబం పేదరికంలో పడింది. అలీషియా కాలేజీ చదువు చదవలేదు. ఆమెకు పద్దెనిమిదేళ్ళ వయసప్పుడు, తరువాత ఆమెకు బావ అయిన హోవర్డ్ హింటన్ నాలుగో పరిమాణం గురించి చెప్పడానికి చిన్న చిన్న చెక్క ఘనాలు ఇంటికి తెచ్చేవాడు. ఆమె ఆయన్నే మించిపోయింది. మూడు పరిమాణాల్లో క్రమాకారాలు ఐదైతే, నాలుగు పరిమాణాల్లో ఆరు ఉంటాయని సొంతంగా కనుక్కొంది. వాటిలో ఒకటి 120 పన్నెండు ముఖాల ఘనాలతో, ఇంకొకటి 600 చతుర్ముఖులతో ఏర్పడుతుంది.

ఎలా కనుక్కొంది? ముక్కలు కోసి! ఒక బంగాళదుంపను సమఘనంగా చెక్కండి. ఎదురెదురు మూలలను కలిపే గీతకు అడ్డంగా పలచగా కోస్తూ పోండి. మొదట త్రిభుజం, సరిగ్గా మధ్యలో క్రమ షడ్భుజి, చివర మళ్ళీ త్రిభుజం వస్తాయి. ఈ ముక్కలను చూసి సమఘనాన్ని ఊహించవచ్చు. అలాగే నాలుగు పరిమాణాల ఆకారాన్ని కోస్తే వచ్చే ముక్కలు మామూలు ఘనాకారాలు. అలీషియా వాటిని అట్టతో చేసి రంగులు వేసింది.

పెళ్ళయి, ఇద్దరు పిల్లలను పెంచుతూ ఆమె ఈ పని చేసింది. 1890లలో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌లో ప్రొఫెసర్ స్ఖౌటె ఇదే విషయం మీద పనిచేస్తున్నాడని తెలిసి తన అట్ట బొమ్మల ఫొటోలు పంపింది. ఆయన ఇంగ్లండు వచ్చి ఆమెతో కలిసి పనిచేశాడు. 1900, 1910లలో ఆమె రచనలు ఆమ్‌స్టర్‌డామ్ అకాడమీ అచ్చు వేసింది. 1914లో గ్రోనింగన్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ‘పాలిటోప్’ అనే మాటను ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా అలీషియా బూల్ స్టాటే.

నిజానికి ఆ ఆరింటినీ స్విట్జర్లాండ్‌కు చెందిన ష్లెఫ్లీ 1850 ప్రాంతంలోనే కనుగొన్నాడు. ఆయన సుమారు పదేళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడు. ఐదు, ఆపై పరిమాణాల్లో క్రమాకారాలు మూడే అని కూడా తేల్చాడు. కానీ ఆయన గ్రంథం పూర్తిగా అచ్చయింది 1901లో, ఆయన చనిపోయిన ఆరేళ్ళకు. ఆ సంగతి తెలియని అలీషియా మొదటినుంచి మళ్ళీ అంతా తనే కట్టుకొచ్చింది.

ఇంకొకరు థొరాల్డ్ గాసెట్. ఇంగ్లండులో లాయరు. కేసులు రాక ఖాళీగా ఉన్నప్పుడు ఈ ఆకారాలు వెతికాడు. 1900లో ఆయన ప్రచురించిన జాబితాలో ఎనిమిది పరిమాణాల్లో 240 మూలలున్న ఆకారం ఒకటుంది. ఎనిమిది పరిమాణాల్లో బంతులను అత్యంత దగ్గరగా ఎలా పేర్చాలో 2016లో ఉక్రెయిన్ గణితజ్ఞురాలు మరీనా వియజోవ్‌స్కా నిరూపించింది. ఆ పేర్పులో ప్రతి బంతినీ 240 బంతులు తాకుతాయి. వాటి కేంద్రాలు గాసెట్ ఆకారం మూలలే! 2022లో ఆమెకు ఫీల్డ్స్ మెడల్ వచ్చింది.

పని ఇంకా మిగిలే ఉంది

నాలుగు పరిమాణాల్లో గుంటలు లేని ఏకరూప ఆకారాలు, అంతులేని కుటుంబాలను వదిలేస్తే, 64 అని 1965లో కాన్వే, గై కంప్యూటర్ సాయంతో ప్రకటించారు. అంతకంటే ఇంకేమీ లేవని నిరూపణ 2004లో వచ్చింది. ముఖాలు ఒకదాన్నొకటి దూసుకుపోయే నక్షత్రాకారాలను కూడా చేరిస్తే నాలుగో పరిమాణంలో జాబితా ఇప్పటికీ ముగియలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదువు నాతోనే మొదలు. ఎమ్మెస్సీకి వచ్చిన కొత్తలో, చిన్నప్పటినుంచి మంచి స్కూళ్ళలో చదివినవాళ్ళకే ఇవి అర్థమవుతాయేమో అని భయం ఉండేది. చదివేకొద్దీ ఒక సంగతి బోధపడింది. నాలుగో పరిమాణం ఎవరికీ కనబడదు. ప్రొఫెసరుకూ కనబడదు, మనకూ కనబడదు. అక్కడ అందరూ ఒక్కొక్క మెట్టే లెక్క కట్టుకుంటూ పోవాలి.

చివరగా చిన్న పని. పాత పెళ్ళికార్డులు, కత్తెర, మైదా జిగురు తీసుకోండి. సమఘనం ఆరు ముఖాలనూ విడదీసి బయటికి లాగినట్టు ఊహించండి. ఒక్కొక్క అంచు ఉన్నచోట ఒక చతురస్రం, ఒక్కొక్క మూల ఉన్నచోట ఒక త్రిభుజం పట్టే ఖాళీ వస్తుంది. ఇలా విస్తరించడం అలీషియా నేర్పిన పద్ధతే. అంటే 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు కావాలి. భుజాలన్నీ ఒకే కొలత. ప్రతి మూలలో మూడు చతురస్రాలు, ఒక త్రిభుజం కలవాలి. 26 ముఖాల ఆ ఆకారాన్ని స్టడీ అవర్ గదిలో వేలాడదీయండి. దానికి మూలలు ఎన్నో మీరే లెక్కపెట్టి, వచ్చే ఏడాది సంచికలో రాయండి.