ఒండ్రు లెక్క

విజయవాడకడ ఇంద్రకీలాద్రికిని, సీతానగరపు కొండకును నడుమ దారి చేసికొని వచ్చిన కృష్ణకు అటుపై సముద్రము వరకు అడ్డు లేదు. దివి, బందరు, రేపల్లె సీమల నేల యంతయు ఆ నది వేల యేండ్లుగా మోసికొనివచ్చి పోసిన ఒండ్రు. వరద వడి తగ్గినచోట మన్ను దిగును. దిగినదానిపై మరుసటి వరద మరియొక పొర వేయును. ఇట్లు కడలిని వెనుకకు నెట్టి నది గడించిన భూమియే డెల్టా.

గడించినదానిని నిలుపుకొనుట మాత్రము సులభము కాదు. అలలు తీరమును కోయుట ఒక్కనాడును మానవు. నది తెచ్చునది అలలు తీసికొనిపోవుదానికంటె ఎక్కువగా నున్నంతకాలము తీరము ముందునకు సాగును. తక్కువైననాడు వెనుకకు జరుగును. చిన్నపిల్లలకైనను తెలియు జమాఖర్చు ఇది! అయినను ఈ పద్దును వ్రాసి చూపుటకు ఆంధ్ర విశ్వవిద్యాలయమున తీరభూముల స్వరూపమును పరిశోధించిన ఆచార్య కాకాని నాగేశ్వరరావును, ఆయన సహచరులును పూనుకొనవలసివచ్చినది.

వారు పాత సర్వే పటములను, ఉపగ్రహ చిత్రములను పోల్చి తీరరేఖను కొలిచి, 2010లో ఫలితములను ప్రకటించిరి. 1930 నుండి 1965 వరకు కృష్ణా డెల్టా ఏటా సుమారు 190 ఎకరములు పెరిగినది. 1965 నుండి 2008 వరకు ఏటా 60 ఎకరములకు పైగా తరిగినది. 1960వ దశకపు చివర నది యేటేట దిగువకు చేర్చిన ఒండ్రు దాదాపు 90 లక్షల టన్నులు. 2000-2005 నాటికి అది సుమారు 4 లక్షల టన్నులకు పడిపోయినది. తక్కిన మన్ను ఎగువ జలాశయములలో నీటితోపాటు నిలిచిపోవుచున్నది.

ఆనకట్టలను నిందించుట న్యాయము కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన తరువాతనే గదా ఈ సీమ అన్నపూర్ణ అయినది! లోపము లెక్కలో నున్నది. 1973లో కృష్ణా జలవివాదముల ట్రిబ్యునలు 2060 టి.ఎం.సి.ల నీటికి వాటాలు వేసినది; ఒండ్రునకు వేయలేదు.

తీరము జరిగిన నేమి, పటములో గీత మారును, అంతేగదా యనుకొనువారు దివిసీమను తలచుకొనవలెను. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమలో ప్రభుత్వపు లెక్క ప్రకారమే పదివేలమంది. ఆ తరువాత తుఫాను రక్షణ భవనములు లేచినవి, హెచ్చరికలు మెరుగుపడినవి. 1990 మే నెలలో అంతటి తుఫానే ఆ తీరమును తాకినపుడు లక్షన్నరకు మించిన జనమును ముందుగా తరలించిరి. మృతులు వేయిమందికి లోపు. ఇది ఘనవిజయమే. కాని భవనము మనుష్యుని కాపాడును, మడిని కాపాడదు. ఉప్పునీరు నిలిచిన పొలము మరల పంటకు వచ్చుటకు ఎన్నాళ్లు పట్టునో రైతునే అడుగవలెను.

ఉప్పెన వడిని విరుచునవి తీరమందలి మడ అడవులు. అవి వేరూనునది ఒండ్రులోనే. తీరము కోసికొనిపోయినచోట మడచెట్టు వేరుతో సహా కూలును. నేల వాలు తక్కువగుటచే నీరు మైళ్ల కొలది లోనికి చొచ్చును. తీరపు ఆకృతి, వాలు, తీరరేఖ మార్పు, పోటుపాటుల యంతరము, అలల యెత్తు అను అయిదింటిని కలిపి ఈ పరిశోధకులే 2008లో ఆంధ్రతీరమును తూచిరి. అందు 43 శాతము మిక్కిలి ప్రమాదకరమైన తరగతిలో చేరినది. అందులో అధికభాగము కృష్ణా గోదావరీ డెల్టాలదే.

చైనాలో పసుపునదిపై గల షియావ్లాంగ్‌దీ జలాశయము నుండి 2002 మొదలుకొని ప్రత్యేకముగా నీటిని వదలి, మేటవేసిన మన్నును సముద్రమువైపు తరలించుచు వచ్చిరి. శ్రీశైలమునకు, సాగరమునకు అట్టి పద్ధతి పొసగునో లేదో ఇంజనీర్లు కొలిచి చెప్పవలెను. అది తేలువరకైనను, వరదకాలమున విజయవాడ దాటిన క్యూసెక్కులను పత్రికలు ప్రకటించునట్లే, దాటిన ఒండ్రు ఎన్ని టన్నులో ఆ ప్రక్కనే ప్రకటింపవచ్చును.