ఒళ్లో ల్యాప్‌టాప్, బల్ల మీద ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ తెర కొలత అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు గీసిన కర్ణం పొడవు. 14 అంగుళాలు, 15.6 అంగుళాలు అని పెట్టె మీద అచ్చు వేసేది ఆ గీత పొడవునే. వెడల్పు ఎంతో, ఎత్తు ఎంతో ఆ అంకె చెప్పదు. కొనేవాళ్లలో చాలామంది పొరపడేది ఇక్కడే. కర్ణం ఒకటే అయినా ఒక తెర పొట్టిగా, వెడల్పుగా ఉండవచ్చు, మరొకటి కాస్త ఎత్తుగా ఉండవచ్చు. సినిమా చూడటానికి మొదటిది బాగుంటుంది. చదవడానికి, రాయడానికి రెండోది మేలు.

చాలాకాలంగా ల్యాప్‌టాప్ తెరలు ఎక్కువగా 16:9 నిష్పత్తిలో వచ్చాయి. వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. టీవీ తెరలకు ఉన్న నిష్పత్తి ఇదే. కొన్నేళ్లుగా 16:10 తెరలు మళ్లీ ఎక్కువయ్యాయి. 16:9 లెక్కన 15.6 అంగుళాల తెర వెడల్పు సుమారు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4 సెంటీమీటర్లు. అదే నిష్పత్తిలో 14 అంగుళాల తెర వెడల్పు 31, ఎత్తు 17.4 సెంటీమీటర్లు. కర్ణాల మధ్య తేడా 1.6 అంగుళాలే అయినా వైశాల్యంలో తేడా దాదాపు 24 శాతం. పెద్ద తెర పెద్దదే, సందేహం లేదు. అయితే 14 అంగుళాల తెర 16:10లో ఉంటే దాని ఎత్తు 18.8 సెంటీమీటర్లు దాటుతుంది. 15.6 అంగుళాల మామూలు తెరకన్నా తక్కువ అయ్యేది ఆరు మిల్లీమీటర్లు మాత్రమే. నిలువుగా పట్టే వరుసల విషయంలో చిన్నది పెద్దదానికి దాదాపు సాటి వస్తుందన్నమాట. తగ్గేది పక్కలనే.

తెలుగు చదివేవాళ్లకు ఈ ఎత్తు మరీ ముఖ్యం. ఇంగ్లిషు అక్షరాలు చాలావరకు ఒకే గీత మీద నడుస్తాయి. తెలుగు అక్షరం పైకీ పోతుంది, కిందికీ పోతుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని చూస్తే చాలు. మధ్యలో సకారం, దాని నెత్తిన గుడి దీర్ఘం, దిగువన తవత్తు, దాన్ని చుట్టుకుని రవత్తు. ఇన్ని భాగాలు ఒక వరుసలో ఇమడాలి. అందుకే ఒకే సైజు పెట్టినా తెలుగు వరుసకు ఇంగ్లిషు వరుసకన్నా ఎక్కువ ఎత్తు కావాలి. ఆ ఎత్తు లేకపోతే వత్తులు ఇరుక్కుని, ‘రాష్ట్రం’లో రెండు వత్తులూ ఒకే మచ్చలా కనిపిస్తాయి. విండోస్ 8 నుంచి వస్తున్న నిర్మల ఫాంటులో తెలుగు అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి. కానీ తెర మీద చుక్కలు చాలకపోతే ఎంత మంచి ఫాంటూ ఏమీ చేయలేదు.

ఆ చుక్కలే పిక్సెళ్లు. 1920 × 1080 పిక్సెళ్ల తెర 15.6 అంగుళాలదైతే అంగుళానికి 141 పిక్సెళ్లు పడతాయి, 14 అంగుళాలదైతే 157. చిన్న తెర మీద పిక్సెళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్షరం నునుపుగా, కానీ చిన్నదిగా వస్తుంది. దాన్ని పెద్దది చేయడానికి విండోస్‌లో స్కేలింగ్ అనే అమరిక ఉంది. 125 శాతం పెడితే 1920 × 1080 తెరలో 1536 × 864 తెరకు పట్టేంత సమాచారమే పడుతుంది, 150 శాతం పెడితే 1280 × 720 తెరకు పట్టేంతే. కంటికి హాయి పెరిగినకొద్దీ తెర మీద చోటు తగ్గుతుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకు పెద్ద తెర మీద మోజు ఊరికే కలగదు. అక్షరం పెద్దది చేసుకున్నాక కూడా వాళ్లకు పని చేసుకునే చోటు మిగలాలి.

ఇక ఆ ల్యాప్‌టాప్ రోజులో ఎక్కువ గంటలు ఎక్కడ ఉంటుంది అన్నది అసలు ప్రశ్న. తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణలు: ఒకచోటికి చదువు కోసం మోసుకెళ్తారు, మరోచోట అంగడి బల్ల మీద ఉంచుతారు. తెలుగువాళ్లు రాయవేలూరు అని పిలుచుకున్న ఊరు వేలూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊళ్లూ, చిత్తూరు, పలమనేరు ప్రాంతాలూ ఉత్తర ఆర్కాడు అనే ఒకే జిల్లా. నేటికీ సరిహద్దుకు రెండు వైపులా తెలుగూ తమిళమూ కలగలిసే వినిపిస్తాయి. వేలూరులో 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన చిన్న వైద్యశాల సీఎంసీ ఆసుపత్రిగా ఎదిగింది. 1984లో వేలూరు ఇంజినీరింగ్ కాలేజీగా పుట్టిన సంస్థ వీఐటీ అయింది. గుడియాత్తం వేలూరుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. చేనేత లుంగీలకు, అగ్గిపెట్టెల తయారీకి పేరున్న ఊరు.

తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరు 15న ఉచిత ల్యాప్‌టాప్ పథకం మొదలుపెట్టాక, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లల ఇళ్లలో చాలావాటికి మొదటి కంప్యూటర్ అలాగే వచ్చింది. ఇచ్చింది తీసుకోవడమే తప్ప చిన్నదా, పెద్దదా అని ఎంచుకునే అవసరం లేదప్పుడు. సొంత డబ్బుతో కొనేటప్పుడే ఆ చిక్కు ఎదురవుతుంది. అది కూడా ఇంటికి ఒకటే కొనగలిగినచోట, చదువుకునే అమ్మాయికీ, అంగడి లెక్కలు చూసుకునే నాన్నకూ అదొక్కటే సరిపోవాల్సినచోట.

గుడియాత్తం నుంచి వేలూరు వైపు రోజూ చదువుకు వెళ్లే విద్యార్థి సంగతి చూడాలి. కె.వి.కుప్పం మీదుగా కాట్పాడికి బస్సు, లేదంటే జోలార్‌పేట–కాట్పాడి మార్గంలో రైలు. కిటికీ పక్క చోటు దొరికితే బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని మీదే ల్యాప్‌టాప్ తెరుస్తారు. 15.6 అంగుళాల యంత్రం వెడల్పు అంచులతో కలిపి 36 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇద్దరు కూర్చునే సీట్లో దాన్ని తెరిస్తే మోచేయి పక్కవాళ్ల మోచేతిని తాకుతుంది. మూతను వెనక్కి వంచబోతే ముందు సీటు అడ్డొస్తుంది, తెర నిటారుగా నిలిచిపోతుంది, చదవాలంటే మెడ వంచాల్సిందే. 32 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉండే 14 అంగుళాల యంత్రం అదే చోట ఇమిడిపోతుంది. ఒళ్లో పెట్టుకునేది కాబట్టే దానికి ల్యాప్‌టాప్ అని పేరు. ఆ పేరుకు తగ్గది చిన్నదే.

బరువు తేడా మోస్తేగాని తెలియదు. 14 అంగుళాలవి సాధారణంగా 1.3 నుంచి 1.5 కిలోలు, 15.6 అంగుళాలవి 1.6 నుంచి 1.9 కిలోలు తూగుతాయి. ఆటల కోసం చేసిన గేమింగ్ యంత్రాలు రెండున్నర కిలోల దాకా ఉంటాయి, వాటి ఛార్జరే మరో అరకిలో. కేంద్రం 2020లో ప్రకటించిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పదో తరగతి వరకు పిల్లల బ్యాగు వాళ్ల శరీర బరువులో పదోవంతు మించకూడదు. అదే కొలత కాలేజీ విద్యార్థికి పెడితే 50 కిలోల అమ్మాయి 5 కిలోలకు మించి మోయకూడదు. గేమింగ్ ల్యాప్‌టాప్, దాని ఛార్జర్ కలిస్తేనే అందులో సగం దాటిపోతుంది. పుస్తకాలు, అన్నం క్యారియర్, నీళ్ల సీసా ఇంకా మిగిలే ఉన్నాయి.

బరువు తగ్గించాలంటే ఏదో ఒకటి వదులుకోవాల్సిన అవస్థ ఈ యంత్రాలకు పుట్టుకతోనే ఉంది. 1981లో వచ్చిన ఆస్బోర్న్ 1 వెంట తీసుకెళ్లగల కంప్యూటర్‌గా పేరు తెచ్చుకుంది. దాని బరువు దాదాపు 11 కిలోలు, తెర మాత్రం 5 అంగుళాలే. 1995లో ఐబీఎం తెచ్చిన థింక్‌ప్యాడ్ 701 మరో దారి వెతికింది. 10.4 అంగుళాల తెర ఉన్న పెట్టెలో పూర్తి కీబోర్డు పట్టదు. అందుకని జాన్ కరిడిస్ అనే ఇంజినీరు కీబోర్డును రెండు ముక్కలు చేసి, మూత తెరవగానే అవి జరిగి కలిసిపోయేలా రూపొందించాడు. సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు ఉండే ఆ అమరికను ఇప్పటికీ మెచ్చుకునేవాళ్లున్నారు. తెరలు పెద్దవై, అంచులు సన్నబడ్డాక దాని అవసరం లేకుండా పోయింది. నేటి 13, 14 అంగుళాల యంత్రాల్లో అక్షరాల మీటలు మామూలు కీబోర్డులో ఉన్నంత ఎడంగానే ఉంటాయి. వేళ్లకు ఇబ్బంది లేదు.

చిన్నదానిలో ఉండనిదల్లా కుడిపక్క అంకెల మీటల వరస. అంగడి లెక్కలకు అది చాలా విలువైనది. లుంగీలు హోల్‌సేల్‌గా అమ్మే అంగట్లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు ఎక్కించేటప్పుడు ఎడమచేతి వేలు కాగితం మీద వరుస వెంట జారుతుంది, కుడిచేయి చూడకుండానే అంకెలు కొట్టుకుంటూ పోతుంది. పైవరసలో ఉన్న అంకెలతో ఆ వేగం రాదు. 15.6 అంగుళాల యంత్రాలు చాలావాటికి ఈ మీటలు ఉంటాయి. దానికీ ఒక మూల్యం ఉంది. మిగతా కీబోర్డు ఎడమకు జరుగుతుంది, అక్షరాలు టైపు చేసేవాళ్ల చేతులు తెర మధ్యకు కాక ఓ పక్కకు వస్తాయి. రోజంతా తెలుగులోనో ఇంగ్లిషులోనో రాసేవాళ్లకు అది చికాకే. యూఎస్‌బీతో తగిలించే అంకెల మీటలు విడిగా దొరుకుతాయి కాబట్టి దీనికోసమే పెద్దది కొనాల్సిన పని లేదు.

వేడి సంగతి వేలూరు జిల్లాలో తేలిగ్గా తీసుకోకూడదు. ప్రాసెసర్ లోపలి వేడి సుమారు 95 డిగ్రీలకు చేరిందంటే చాలా యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. లోపలి వేడి ఎంత త్వరగా బయటికి పోతుందన్నది లోపలికీ బయటికీ మధ్య ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. గదిలో 25 డిగ్రీలుంటే ఆ తేడా 70 డిగ్రీలు. మే నెల కత్తిరి ఎండల్లో వేలూరులో పగలు 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గది 42 డిగ్రీలకు చేరితే తేడా 53కు పడిపోతుంది. ఫ్యాను అదే, రాగి గొట్టాలు అవే, కానీ అవి బయటికి పంపగలిగే వేడి దాదాపు నాలుగోవంతు తగ్గిపోతుంది. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమంటుంది. మే నెల మధ్యాహ్నం ఈ ప్రాంతంలో ఆ హద్దు ఇంట్లోనే దాటిపోవచ్చు.

ఇక్కడ పెద్ద యంత్రానికి సహజంగానే మేలు ఉంది. లోపల చోటు ఎక్కువ, ఫ్యాను పెద్దది, కొన్నింటికి రెండు ఫ్యాన్లు. వీడియో ఎడిటింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగులు, ఆటలు లాంటి బరువు పనులు గంటల తరబడి చేసేవాళ్లకు పెద్దదే కావాలి. ఉత్తరాలు, లెక్కలు, పాఠాలు, వీడియో కాల్స్ వంటి మామూలు పనులకు 15 వాట్ల తరగతి ప్రాసెసర్ చాలు, దాని వేడిని చిన్న పెట్టె భరించగలదు. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యానే లేదు. 45 వాట్ల తరగతి ప్రాసెసర్‌ను సన్నటి 14 అంగుళాల పెట్టెలో ఇరికించినవి మాత్రం ఈ ఎండలకు కొనదగ్గవి కావు. కాగితం మీద కనబడే వేగం గదిలో కనబడదు.

యంత్రం ఏదైనా గాలి పోయే సందులు తెరిచి ఉండాలి. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచి గాలి పీల్చుకుంటాయి. పరుపు మీద పెడితే ఆ సందులు మూసుకుంటాయి. మగ్గం ఉన్న ఇంట్లో మరో ఇబ్బంది ఉంది. గాల్లో తేలే నూలు పీచు ఫ్యానులోకి వెళ్లి, రాగి రేకుల ముందు చిన్న దూదిపింజలా అల్లుకుంటుంది. ఏడాదికోసారి అడుగు మూత విప్పించి దాన్ని తీయిస్తే ల్యాప్‌టాప్ మళ్లీ చల్లబడుతుంది.

బ్యాటరీ విషయంలో పెద్దదానికి పెద్ద బ్యాటరీ, ఎక్కువసేపు వస్తుంది అనుకోవడం సహజం. నిజానికి పెద్ద తెరను వెలిగించడానికి కరెంటూ ఎక్కువే కావాలి. చూడాల్సింది వాట్-అవర్లు. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం మామూలు పనికి 8 వాట్లు వాడుకుంటే ఆరు గంటల పైన నడుస్తుంది. అదే బ్యాటరీతో 12 వాట్లు వాడుకునేది నాలుగు గంటలు దాటగానే ఆగిపోతుంది. బ్యాటరీని నిండా ఛార్జి చేసి ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే త్వరగా ముసలిదవుతుంది. ఎప్పుడూ ప్లగ్గుకే ఉండే అంగడి ల్యాప్‌టాప్‌లో, వీలుంటే, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా అమర్చుకోవాలి.

కొన్నాళ్లకు పనికొచ్చే మరో పరీక్ష, మూత విప్పితే లోపల ఏముంది అన్నది. సన్నటి చిన్న యంత్రాల్లో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచలేము. అలాంటిది కొనేటప్పుడే 16 జీబీ తీసుకోవడం మంచిది. 15.6 అంగుళాలవాటిలో ర్యామ్ మార్చుకునే గాడి ఉండే అవకాశం ఎక్కువ, అన్నింటికీ ఉంటుందని కాదు.

రోజూ మోసుకెళ్లేవాళ్లకు 16:10 తెర, కిలోన్నర లోపు బరువు ఉన్న 14 అంగుళాలది సరైనది. ఇంట్లో పెద్ద తెర కావాలంటే ఒక 22 లేదా 24 అంగుళాల మానిటర్ తెచ్చి హెచ్‌డీఎంఐ తీగతో కలుపుకోవచ్చు. తెర కంటి ఎత్తుకు వస్తుంది, మెడ వంచే పని తగ్గుతుంది. అంగట్లోనో ఇంట్లోనో బల్ల మీద నుంచి కదలనిదానికి 15.6 అంగుళాలది మేలు. ఇంటికి ఒకటే అయితే దాన్ని ఎవరు మోస్తారో వాళ్ల కొలతే పాటించాలి. బల్ల దగ్గర చిన్న తెరకు పెద్ద మానిటర్ తోడు తేవచ్చు, బస్సులో పెద్దదాన్ని చిన్నది చేయలేము.

కొనే రోజు అంగట్లో నడుస్తున్న రంగురంగుల వీడియో చూసి డబ్బు కట్టకండి. దాన్ని ఆపించి, ఒక తెలుగు దినపత్రిక వెబ్‌సైటు తెరిపించి, అరచేతులు మీటల మీద ఉంచి, మామూలుగా కూర్చునే దూరం నుంచి నాలుగు పేరాలు చదవండి. వత్తులు విడివిడిగా కనబడితే ఆ తెర మీ కంటికి సరిపోయినట్టే. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌నూ ఛార్జర్‌నూ మీ బ్యాగులో పెట్టి, భుజాన వేసుకుని, అంగట్లోనే ఐదు నిమిషాలు నిలబడి చూడండి.