గొట్టమును వంచు విద్య

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని సామెత. చెట్టునకు చెల్లిన ఈ మాట ఉక్కునకు చెల్లదు. ఉపాయము తెలిసినవాని చేతిలో ఉక్కు గొట్టము నిప్పు సెగ తగులకయే చక్కగా వంగును. ఉపాయము తెలియనివాని చేతిలో అదే గొట్టము నొక్కుకొనిపోయి పనికిరానిదగును. ఒకసారి నొక్కుపడిన గొట్టమును మరల మొదటి రూపమునకు తెచ్చుట సాధ్యము కాదు. కావున గొట్టమును వంచుట కండబలము కంటె లెక్కను ఎక్కువగా కోరు పని.

పాఠశాలలు, ఆసుపత్రులు, కర్మాగారములు మొదలగు కట్టడములలో విద్యుత్తు తీగలను బయటికి కనబడునట్లు విడిచిపెట్టరాదు. తీగపై నుండు తొడుగు మెత్తనిది. ఎలుక కొరికినను, మేకు తగిలినను, బరువైన వస్తువు రాసుకొన్నను అది చిరుగును. చిరిగినచోట చేయి తగిలినచో ప్రాణాపాయము. రెండు తీగలు ఒకదానికొకటి తగిలినచో అగ్నిప్రమాదము. అందువలన తీగలను గొట్టములలో నుంచి నడిపింతురు. ఇట్టి గొట్టమునకే కండ్యూట్ అని పేరు.

అమెరికా దేశమున పలుచని ఉక్కు గొట్టములను ఈ పనికి విరివిగా వాడుదురు. ఒక్కొక్క గొట్టము 10 అడుగుల పొడవుండును. అర అంగుళపు గొట్టమని పిలువబడు చిన్నరకపు గొట్టము యొక్క గోడ మందము ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే. గోడ వెంట తిన్నగా పోవునంతవరకు దీనితో చిక్కులేదు. కాని కట్టడములో మూలలు ఉండును; దూలములు అడ్డువచ్చును; నీటి గొట్టములు ఎదురగును. వానిని దాటుటకు గొట్టమును వంచక తప్పదు. దానికొరకు పనివారు వాడు చేతి పనిముట్టునకు బెండరు అని పేరు.

బెండరు చూచుటకు మిక్కిలి సామాన్యముగా నుండును. పొడవైన పిడి యొకటి; దాని అడుగున అర్ధచంద్రాకారపు ఇనుప దిమ్మ యొకటి. దిమ్మ యంచున గొట్టము సరిగా ఇముడునట్టి గాడి కలదు. గాడి కొసను గొట్టమును పట్టుకొను కొక్కెము, వెనుకవైపున పాదమునుంచుటకు మెట్టు ఉండును. దిమ్మ ప్రక్కను బాణపు గుర్తు, నక్షత్రపు గుర్తు, డిగ్రీల గీతలు చెక్కబడి యుండును. ఈ గుర్తుల అర్థమెరిగినవానికి బెండరు కొలబద్ద వలెనే పనిచేయును. ఎరుగనివానికి అది వట్టి ఇనుపముక్క.

గాడి ఎందులకు? గొట్టము వంగునప్పుడు వెలుపలి యంచు సాగును; లోపలి యంచు కుదించుకొనును. అర అంగుళపు గొట్టమును లంబకోణముగా వంచినచో, వంపులో వెలుపలి యంచు లోపలి యంచుకంటె ఒక అంగుళమునకు మించి పొడవుగా నుండవలెను. ఈ లాగుడునకు ఓర్వలేక గొట్టము ప్రక్కలకు ఉబ్బి చదునగుటకు చూచును. గాడి దాని ప్రక్కలను అదిమి పట్టుకొని ఆ ప్రయత్నమును ఆపును. కావుననే గొట్టము గాడిని వీడకుండ చూచుట పనివాని మొదటి విధి.

ఇందుకు సాధనము పాదము. కొత్తగా పని నేర్చువారు సాధారణముగా పిడిని చేతులతో బలముగా లాగుదురు. పాదమును మెట్టుపై ఊరక ఆనింతురు. అప్పుడు గొట్టము గాడినుండి పైకిలేచి, నడుమ మడతపడును. అనుభవశాలి అట్లు చేయడు. శరీరపు బరువునంతయు పాదముపై మోపి, పిడిని తొందరలేక ఒకే వేగముతో త్రిప్పును. వంచునది పాదము, దారిచూపునది చేయి.

ఇక లెక్క. నేలపై పోవు గొట్టము ఒకచోట నిటారుగా 12 అంగుళముల ఎత్తునకు లేవవలెననుకొందురు. కొసనుండి 12 అంగుళములు కొలిచి, అచ్చట గుర్తుపెట్టి, ఆ గుర్తుపై బాణమునుంచి వంచినచో ఏమగును? గొట్టము 12 అంగుళములు గాక 17 అంగుళములు లేచును. ఏలయన, వంపు ఒక్క బిందువువద్ద జరుగునది కాదు. అది బాణము వద్ద మొదలై, కొంత దూరము గుండ్రముగా సాగి, పిమ్మట ముగియును. ఆ గుండ్రని భాగము సయితము నిటారు కొలతలో చేరును. అర అంగుళపు గొట్టమునకు ఈ చేరిక 5 అంగుళములు. ముప్పాతిక అంగుళపు గొట్టమునకు 6 అంగుళములు. ఒక అంగుళపు గొట్టమునకు 8 అంగుళములు. కావున కోరిన ఎత్తులోనుండి చేరికను తీసివేయవలెను. పండ్రెండులో అయిదు పోగా ఏడు మిగులును. కొసనుండి 7 అంగుళముల దూరమున గుర్తుపెట్టి, బెండరు కొక్కెమును ఆ కొసవైపునకు త్రిప్పి, బాణమును గుర్తుపై నిలిపి వంచినచో కొస సరిగా 12 అంగుళముల ఎత్తునకు లేచును.

ఇచ్చట మరియొక సంగతి గమనింపదగినది. ఉక్కునకు పూర్వస్థితికి మరలు గుణము కొంత కలదు. సరిగా లంబకోణము వరకు వంచి విడిచినచో గొట్టము కొంచెము వెనుకకు తిరుగును. అందువలన లంబకోణమును ఒకింత దాటించి విడువవలెను. ఎంత దాటింపవలెనో చేతివాటమే నేర్పును. బెండరులలో ఒకదానికొకటికి స్వల్పభేదము లుండుట కూడ కలదు. కావున వివేకి యగు పనివాడు కొత్త బెండరు చేతికి వచ్చినపుడు మొదట పనికిరాని ముక్కపై వంచి, కొలిచి, చేరికను సరిచూచుకొనును.

రెండవ రకపు వంపు అడ్డంకిని దాటుటకు చేయునది. గోడనంటి పోవు గొట్టమునకు 6 అంగుళముల ఎత్తు దిమ్మ యొకటి ఎదురైన దనుకొందురు. గొట్టము ఒకచోట ఏటవాలుగా పైకిలేచి, దిమ్మ ఎత్తు చేరగానే మరల తిన్నగా సాగవలెను. ఇందులకు రెండు వంపులు కావలెను. రెండింటిని 30 డిగ్రీలకు వంచినచో, వాని గుర్తుల నడుమ దూరము ఎంత యుండవలెను? పనివాడు ఆలోచింపకయే ‘ఎత్తును రెండుతో హెచ్చింపుము’ అనును. ఆరు రెండ్లు పండ్రెండు. గుర్తుల నడుమ 12 అంగుళములు.

ఈ రెండు ఎక్కడిది? దీని మూలము పాఠశాలలో నేర్పు రేఖాగణితమే. సమబాహు త్రిభుజము నొకదానిని తీసికొని, పైశీర్షమునుండి భూమిపైకి లంబము దింపినచో, అది రెండు సమాన లంబకోణ త్రిభుజములగును. ఒక్కొక్క దానియందు 30 డిగ్రీల కోణమునకు ఎదుటి భుజము అసలు భుజములో సగము. అనగా కర్ణము ఆ చిన్నభుజమునకు రెండింతలు. ఏటవాలుగా లేచు గొట్టపు భాగమే కర్ణము. దిమ్మ ఎత్తే చిన్నభుజము. ఇట్లే 45 డిగ్రీలకు వంచినచో 1.4తో హెచ్చింపవలెను, చతురస్రపు కర్ణమునకును భుజమునకును గల నిష్పత్తి ఇంచుమించు ఇదియే. 60 డిగ్రీలకు 1.2, ఇరువదిరెండున్నర డిగ్రీలకు 2.6. పనివారు ఈ అంకెలను కంఠస్థము చేసికొందురు. వానిలో రెండుతో హెచ్చించుట అన్నిటికంటె సులభము గనుక 30 డిగ్రీల వంపే పనివారికి ప్రీతిపాత్రమైనది.

ఏటవాలు దారి తిన్నని దారికంటె పొడవైనది. కావున గొట్టము ఎక్కినకొలది ముందునకు పోవు దూరము కొంత తరుగును. 30 డిగ్రీల వంపులో ప్రతి అంగుళపు ఎత్తునకు ఇంచుమించు పావు అంగుళము తరుగును. 6 అంగుళముల ఎత్తునకు తరుగు ఒకటిన్నర అంగుళము. గొట్టపు కొసనుండి దిమ్మవరకు 30 అంగుళములు ఉన్నచో, ఈ తరుగును కలిపి 31½ అంగుళముల వద్ద ఒక గుర్తును, అచ్చటినుండి కొసవైపునకు 12 అంగుళములు వెనుకకు వచ్చి 19½ అంగుళముల వద్ద రెండవ గుర్తును పెట్టవలెను. తరుగును మరచినచో రెండవ వంపు దిమ్మను చేరకమునుపే ముగిసి, గొట్టము గోడకు సరిగా అమరదు.

మొదటి వంపు ముగిసినపిమ్మట గొట్టమును సరిగా సగము చుట్టు త్రిప్పి రెండవ వంపు వంచవలెను. త్రిప్పుటలో కొంచెము తేడా వచ్చినను రెండు వంపులు ఒకే తలమున నుండక గొట్టము మెలికపడును. అమెరికా పనివారు ఈ లోపమునకు ‘కుక్కకాలు’ అని పేరు పెట్టిరి. దీనిని తప్పించుకొనుటకు గొట్టము పొడవున ముందే ఒక సరళరేఖను గీసికొని, వంచునప్పుడు దానిని చూచుకొనుచుండుట మంచిది.

మూడవది జీను వంటి వంపు. అడ్డముగా పోవు నీటి గొట్టము నొకదానిని ఎక్కి దిగుటకు ఇది పనికివచ్చును. నడుమ 45 డిగ్రీల వంపు ఒకటి, ఇరుప్రక్కల ఇరువదిరెండున్నర డిగ్రీల వంపులు రెండు. ఆ రెండు కలిసి నడిమి వంపునకు సమానము. అందుచేత గొట్టము అడ్డంకిని దాటగానే మరల తన మొదటి దారినే పట్టును. అడ్డంకి 2 అంగుళముల ఎత్తున్నచో, నడిమి గుర్తునకు ఇరువైపుల 5 అంగుళముల దూరమున తక్కిన గుర్తులు పెట్టుదురు; అనగా ఎత్తునకు రెండున్నర రెట్లు.

ఇన్ని వంపులు నేర్చిన పనివాడు తనకిష్టము వచ్చినన్ని వంపులు వంచవచ్చునా? వంచరాదు. అమెరికాలో 1897వ సంవత్సరమున మొదట వెలువడిన జాతీయ విద్యుత్ నియమావళి ఇప్పటికిని కాలానుగుణముగా సవరింపబడుచున్నది. దాని ప్రకారము తీగను లాగుటకు వీలుగల ఒక పెట్టెకును మరియొక పెట్టెకును నడుమ వంపులన్నియు కలిసి 360 డిగ్రీలకు మించరాదు. రెండు లంబకోణపు వంపులకు 180, ముప్పది డిగ్రీల జంటవంపునకు 60, జీనువంపునకు 90. మొత్తము 330. ఇంతవరకు చెల్లును. మరియొక జంటవంపు చేర్చినచో 390 అగును. అప్పుడు నడుమ ఇంకొక పెట్టెను అమర్చి తీరవలెను.

ఈ కట్టుబాటునకు తగిన కారణము కలదు. గొట్టములను అమర్చిన తరువాతనే వానిలోనికి తీగలను లాగుదురు. ప్రతి వంపువద్దను తీగ గొట్టపు గోడను ఒరసికొనును. లాగుటకు కావలసిన బలము పెరుగును. ఈ పెరుగుదల కూడికవలెగాక హెచ్చవేతవలె సాగును. ఒక్కొక్క లంబకోణపు వంపు వద్ద బలము ఒకటిన్నర రెట్లగు ననుకొన్నచో, నాలుగు వంపులు దాటునప్పటికి అది అయిదు రెట్లగును. అంత బలముతో లాగినపుడు తొడుగు సాగును. గొట్టమున నొక్కు గాని, కోసిన కొసను నునుపు చేయక విడిచిన పదును గాని ఉన్నచో తొడుగు చీరుకొనిపోవును. చీరిన తొడుగు గొట్టము లోపల నున్నది గనుక ఎవరి కంటను పడదు. గొట్టమును భూమితో సరిగా కలుపనిచో, ఆ చీలిక ద్వారా గొట్టమంతయు విద్యుత్తుతో నిండి, దానిని తాకినవానిని పడగొట్టును. వంచునాటి చిన్న అశ్రద్ధ ఏండ్లు గడచిన తరువాత ఎవరికో ప్రాణాంతకము కావచ్చును.

భారతదేశమున ఇండ్లగోడలలో నేడు ప్లాస్టిక్ గొట్టములే విరివిగా వాడబడుచున్నవి. వానిలో ఉక్కు స్ప్రింగు నొకదానిని చొప్పించి వంతురు. బెండరు గాడి వెలుపలనుండి చేయు పనిని ఆ స్ప్రింగు లోపలనుండి చేయును. పనిముట్టు మారినను సూత్రము మారలేదు. గొట్టము గుండ్రదనము చెడరాదు, కొలత తప్పరాదు, వంపులు మితిమీరరాదు.

గోడకు పూత పూసిన తరువాత ఈ పనియంతయు మరుగునపడును. ఇంట కాపురముండువారు మీట నొక్కి దీపము వెలిగింతురేగాని, గోడలోని గొట్టము ఏ మూల ఎట్లు వంగినదో తలపోయరు. తలపోయవలసిన అవసరము వారికి కలుగకుండుటయే మంచి పనికి గురుతు. ఎవరును చూడరని యెరిగియు రెండుమార్లు కొలిచి, తరుగును కలిపి, చేరికను తీసివేసి, పాదమును గట్టిగా మోపి వంచిన పనివాడు ఆ ఇంటి పిల్లల ప్రాణములకు కావలియై నిలిచినవాడు.