ఉభయాభావము, అన్యతరాభావము: కంప్యూటరు భాషలో నిషేధము

సంస్కృతాంధ్రములు అభ్యసించిన విద్యార్థికి కంప్యూటరు భాషలోని తర్కము పరాయిది కాదు. చకారముచే సముచ్చయమును, వాకారముచే వికల్పమును, నఞ్‌చే నిషేధమును గ్రహించినవానికి, 1991లో వెలువడిన పైథాన్ భాషలోని అండ్, ఆర్, నాట్ అను మూడు పదములు పరిచితములుగనే తోచును. అయినను ఒకచోట జాగరూకత అవసరము.

కొండపల్లిలోని బొమ్మల అంగడి నొకదానిని ఊహింతము. తెల్లపొణికి కఱ్ఱతో చేసిన అంబారీ ఏనుగు అంగడిలో ఉన్నదనుట ‘క’. దశావతారముల బొమ్మలు ఉన్నవనుట ‘ఖ’. ‘క అండ్ ఖ’ అనునది రెండును ఉన్నప్పుడే సత్యము. ‘క ఆర్ ఖ’ అనునది ఏ ఒక్కటి ఉన్నను సత్యము. రెండును ఉన్నను సత్యమే. ‘ఇదో అదో ఇమ్ము’ అని మనము ఒకదానినే కోరుదుము గాని, యంత్రమునకు ఆ నియమము లేదు. ‘నాట్ క’ అనునది అంబారీ లేనప్పుడు సత్యము.

రెండూ లేనప్పుడే సరకు తెప్పింపవలెనని వర్తకుని నియమ మనుకొందము. ప్రారంభకుడు దీనిని ‘నాట్ (క అండ్ ఖ)’ అని వ్రాయుట సహజము. అప్పుడు అంబారీ ఉండి దశావతారములు మాత్రమే అమ్ముడుపోయినను, యంత్రము సరకు తెప్పింపుమనును. దోషము యంత్రమునది కాదు. ‘రెండూ లేవు’ అనుటకును, ‘రెండు లేవు, ఒకటే ఉన్నది’ అనుటకును గల భేదమును తెలుగు ఒక దీర్ఘముతో తెలుపును. ఆ దీర్ఘము సూత్రములోనికి రాలేదు.

నవ్యనైయాయికులు ఈ భేదమును ప్రతియోగితావచ్ఛేదకముచే నిర్ణయించిరి. ఉభయత్వము అవచ్ఛేదకమైనచో అది ఉభయాభావము; ఒకటి ఉన్నను అది సంభవించును. అన్యతరత్వము అవచ్ఛేదకమైనచో అది అన్యతరాభావము. ఏ ఒక్కటి ఉన్నను అది సంభవింపదు. పైథాన్‌లో ఇవి క్రమముగా ఇట్లుండును:

నాట్ (క అండ్ ఖ) = (నాట్ క) ఆర్ (నాట్ ఖ)
నాట్ (క ఆర్ ఖ) = (నాట్ క) అండ్ (నాట్ ఖ)

వర్తకునికి కావలసినది రెండవది. 1806లో మదురైలో జన్మించిన ఆంగ్ల గణితజ్ఞుడు అగస్టస్ డి మోర్గాన్ పేరిట ఈ సమీకరణములు ప్రసిద్ధములు. నవ్యన్యాయముతో వీనికి గల సామ్యమును డేనియల్ ఇంగాల్స్ 1951లో ప్రకటించిన గ్రంథమున చూపెను.

కుండలీకరణములను విడువరాదు. పైథాన్ మొదట నాట్‌ను, పిదప అండ్‌ను, తుదకు ఆర్‌ను అన్వయించును. కావున ‘నాట్ క ఆర్ ఖ’ అని వ్రాసినచో నిషేధము ‘క’కు మాత్రమే చెందును. శ్లోకమునకు అన్వయము చెప్పుకొనునట్లు, నిషేధము దేనికి చెందునో ముందుగా నిర్ణయించుకొని వ్రాయువాడు ఈ దోషమున పడడు.